బెయిలొచ్చినా బయటికి రాని మనుషులు: విశాఖలో పౌర కమిషన్ పెడదామనుకుంటున్న వాళ్ళకి నా జవాబు

ముందు మీ ప్రశ్న ఒకసారి చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్ళకి తలాతోకా తెలియాలి కదా. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడిచే మీ పదిహేనుమందిలో స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన వాళ్ళున్నారు, ఒక యూనివర్సిటీ మేష్టారున్నారు, ఇద్దరు కుర్ర లాయర్లున్నారు. న్యూయార్క్‌లో రైకర్స్ ఐలాండ్ జైలు మీద పనిచేసిన కమిషన్ గురించి చదివారు. విశాఖకూ అలాంటి పౌర కమిషన్ పెడితే పోలీసు, కోర్టు, జైలు కాస్తయినా బాగుపడతాయా, చట్టం ఒప్పుకుంటుందా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

నేను సూర్యాబాగ్ కోర్టుల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా క్రిమినల్ వైపు ప్రాక్టీసు చేశాను. చాలా ఏళ్ళు, పేదలకు ఉచితంగా వాదించే లీగల్ ఎయిడ్ ప్యానెల్‌లో ఉన్నాను. ఈమధ్యే నల్లకోటు మేకుకి తగిలించాను. పెట్టండి అనే నా సలహా. కాకపోతే న్యూయార్క్ వాళ్ళు చేసింది చేసినట్టు ఇక్కడ దించితే ఆరు నెలల్లో నీరుగారిపోతారు. ఎందుకో చెబుతాను.

అక్కడ 2016లో నగర కౌన్సిల్ స్పీకర్ మెలిస్సా మార్క్ వివెరిటో పిలుపు మీద ఆ కమిషన్ ఏర్పడింది. రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తిగా చేసి రిటైరైన జొనాథన్ లిప్‌మన్ దానికి అధ్యక్షుడు. 2017 ఏప్రిల్‌లో రిపోర్టు ఇచ్చారు. రైకర్స్ దీవిలో జైళ్ళు మూసెయ్యండి, పదివేలకు దగ్గరగా ఉన్న ఖైదీల సంఖ్యను అయిదు వేల లోపుకు తెండి, కోర్టుల దగ్గర చిన్న జైళ్ళు కట్టండి అన్నారు. 2019 అక్టోబరులో కౌన్సిల్ ఓటేసి ఒప్పుకుంది. గడువు మొదట 2026 అన్నారు, తర్వాత 2027కి జరిపారు. పని మాత్రం నత్తనడకే.

ఆ ఊరిని కదిలించింది రిపోర్టు కంటే ముందు ఒక కుర్రాడు. కలీఫ్ బ్రౌడర్. పదహారేళ్ళవాడు. 2010లో ఎవరిదో బ్యాగు కొట్టేశాడని పట్టుకున్నారు. బెయిలుకు అడిగిన మూడు వేల డాలర్లు ఇంట్లో వాళ్ళు తేలేకపోయారు. మొత్తం మూడేళ్ళు రైకర్స్‌లో గడిపాడు, అందులో చాలా కాలం ఒంటరి గదిలో. విచారణ మొదలవకుండానే కేసు ఎత్తేశారు. 2015లో ఇంట్లో ఉరేసుకున్నాడు. ఈ బెయిలు డబ్బు సంగతి గుర్తుపెట్టుకోండి, మన అడవివరం జైలు దాకా వస్తుంది.

తేడా ఎక్కడుందంటే, న్యూయార్క్‌లో జైళ్ళూ పోలీసులూ నగరం చేతిలోనే ఉంటాయి. కౌన్సిల్ తలుచుకుంటే మూసెయ్యగలదు. ఇక్కడ పోలీస్ కమిషనరేట్ రాష్ట్ర హోంశాఖ కింద, సెంట్రల్ జైలు రాష్ట్ర జైళ్ళ శాఖ కింద, కోర్టులు హైకోర్టు కింద. మేయరుగారు మీ వినతిపత్రం తీసుకుని ఫొటో దిగడం తప్ప చేయగలిగింది లేదు. నేర న్యాయ వ్యవస్థలో మన నగరపాలక సంస్థ జీవీఎంసీ పాత్ర నాకు తెలిసి ఒక్కటే, ఇంటి పన్ను రసీదు ఇవ్వడం. నవ్వులాటకి అనడం లేదు, ఆ రసీదు దగ్గరికి చివర్లో మళ్ళీ వస్తాను.

చట్టం సంగతి తొందరగా తేల్చేస్తాను. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది. 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేసుకుంటే చాలు. పేరులో కమిషన్ అని పెట్టుకున్నంత మాత్రాన ఎవరికీ సమన్లు పంపలేరు. ఆ అధికారం 1952 నాటి కమిషన్స్ ఆఫ్ ఎంక్వైరీ చట్టం కింద ప్రభుత్వం వేసిన కమిషన్‌కే ఉంటుంది. లెటర్‌హెడ్ మీద మూడు సింహాలు, కారు మీద ‘హ్యూమన్ రైట్స్’ స్టిక్కరు, మెళ్ళో ఐడీ కార్డు, ఇవి మాత్రం వద్దు. అలాంటి కార్లు ఊళ్ళో ఇప్పటికే బోలెడు తిరుగుతున్నాయి. స్టేషన్‌లో రైటరు మిమ్మల్నీ వాళ్ళ లెక్కలో వేసేస్తాడు.

అధికారం లేకుండా ఏం సాధిస్తాం అంటారేమో. మన తెలుగు నేల మీదే ఉదాహరణ ఉంది, న్యూయార్క్ దాకా ఎందుకు? ఎమర్జెన్సీ అయిపోయాక 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో మాజీ హైకోర్టు జడ్జి వి.ఎం. తార్కుండే అధ్యక్షతన ఒక పౌర కమిటీ వేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌కౌంటర్ల పేరుతో జరిగిన చావుల మీద. పౌరహక్కుల లాయరు కె.జి. కన్నబిరాన్ అందులో ఉన్నారు. చేతిలో సమన్లు లేవు, పోలీసు బలం లేదు. ఊళ్ళకి వెళ్ళారు, సాక్షుల్ని అడిగారు, రాసుకున్నారు. ఎమర్జెన్సీ రోజుల్లో జరిగిన గిరాయిపల్లి ఎన్‌కౌంటర్ మీద వాళ్ళ రిపోర్టు బయటికొచ్చాక ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్ వేయక తప్పలేదు. తర్వాత దాన్ని తలుపులు మూసి జరిపే విచారణగా మార్చేశారు, పౌర కమిటీ తరఫు వాళ్ళు బయటికొచ్చేశారు. గెలిచారా ఓడారా అంటే నేను చెప్పలేను. వాళ్ళ దగ్గరున్న బలం మాత్రం ఒక్కటే. ఎవరు, ఏ రోజు, ఏం జరిగింది అని పేరుపేరునా రాసిపెట్టుకున్న కాగితం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మీరు మొత్తం వ్యవస్థ మీద రిపోర్టు రాయొద్దు. మొదటి ఏడాది ఒక్క ప్రశ్న పట్టుకోండి. అడవివరం సెంట్రల్ జైల్లో బెయిలు మంజూరైనా ఇంకా లోపలే ఉన్నవాళ్ళు ఎంతమంది, ఎందుకు?

ఈ ప్రశ్న నాకెలా తగిలిందో చెబుతాను. ఇందులో తప్పు నాదే. చాలా ఏళ్ళ కిందటి మాట. గూడెం కొత్తవీధి వైపు కుర్రాడు, ఇరవై ఏళ్ళుంటాయేమో, గంజాయి కేసు. ఎనిమిది కేజీల సంచి మోస్తుంటే పట్టుకున్నారు. లీగల్ ఎయిడ్ తరఫున నాకు అప్పగించారు. వకాల్తా వేశాను, పిటిషన్ వేశాను, రెండు నెలల్లో బెయిలు వచ్చింది. పాతికవేల చొప్పున ఇద్దరు జామీనుదార్లు. ఆర్డరు చూసుకుని ఫైలు కట్టేసి వేరే కేసులో పడిపోయాను. మిగతాది ఇంట్లో వాళ్ళు చూసుకుంటారులే అనుకున్నాను.

నాలుగు నెలల తర్వాత ఇంకెవరి పని మీదో జైలుకెళితే, వరండాలో ఒక కుర్రాడు లేచి నిలబడి, “బాబూ, నా బెయిలు ఏటైంది?” అన్నాడు. వాడే.

తర్వాత వాకబు చేస్తే తెలిసింది. వాళ్ళమ్మ మూడుసార్లు కొండ దిగి విశాఖ వచ్చిందట. ఒక్కో రాకపోకకీ రెండు రోజుల కూలి పోతుంది. ఆమెకి ఆదివాసీ ఒడియా తప్ప రాదు, తెలుగు నాలుగు ముక్కలు. మొదటిసారి అడవి హక్కుల పట్టా తెచ్చింది. అది అమ్మడానికి వీల్లేని భూమి, దీనికి విలువ కట్టలేం అన్నారు. రెండోసారి ఊళ్ళో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళ దగ్గర ఆస్తి ఇంత ఉందని తహసీల్దారు ఇచ్చే సాల్వెన్సీ సర్టిఫికెట్ లేదు. మూడోసారి కోర్టు బయట టీ బడ్డీ దగ్గర ఒకాయన తగిలాడు. జామీను నేను చూపిస్తాను, ఎనిమిది వేలు అవుతుంది అన్నాడు. రెండు మేకలమ్మినా అంత రాలేదు. ఆ తర్వాత ఆమె రావడం మానేసింది. నా ఆఫీసు ఎక్కడో ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మర్నాడే షరతు సడలించమని పిటిషన్ వేశాను. జడ్జిగారు చదివి, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారన్నట్టు నా మొహం చూసి, సొంత పూచీకత్తు మీద వదిలేయమని ఆర్డరు ఇచ్చారు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల కోసం వాడు నాలుగు నెలలు ఉన్నాడు.

అప్పట్లో చెప్పే దిక్కులేదు, ఇప్పుడుంది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు దీని మీదే స్పష్టమైన ఆదేశాలు ఇచ్చింది. బెయిలు ఆర్డరు కాపీని కోర్టు ఆ రోజో మర్నాడో జైలుకి ఈమెయిల్ చెయ్యాలి. ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు, లీగల్ ఎయిడ్ చూసే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజెయ్యాలి. కార్యదర్శి పారా లీగల్ వాలంటీరునో (లాయరు కాకపోయినా శిక్షణ పొంది సాయం చేసేవాళ్ళు), జైలుకి వెళ్ళే లాయరునో పంపి ఎక్కడ ఆగిందో చూడాలి. నెల దాటినా జామీను పెట్టలేకపోతే, ఎవరూ పిటిషన్ వెయ్యకపోయినా కోర్టే షరతులు మార్చే సంగతి ఆలోచించవచ్చు. స్థానిక జామీనుదారే కావాలని పట్టుబట్టడం వల్ల విడుదలలు ఆగుతున్నాయి, ఆ షరతు పెట్టకుండా ఉంటే మంచిదని కూడా అందులో ఉంది.

కొత్త మాటేం కాదిది. 1978లోనే మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ దీన్ని తూర్పారబట్టారు. పదివేల జామీను అడిగారు, అన్న ముందుకొస్తే ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. సుప్రీంకోర్టు దాన్ని వెయ్యి రూపాయల సొంత బాండుకు తెచ్చింది. భాష తెలియని చోట, దూరపు ఊళ్ళో అరెస్టయిన దక్షిణాదివాడు ఎక్కడి నుంచి తెస్తాడు జామీను అని ఆ తీర్పులో అడిగారు. ఇప్పుడు అడవివరంలో ఆ ప్రశ్న తిరగబడింది. తమిళనాడు, కేరళ, ఒడిశాల నుంచి వచ్చి గంజాయి కేసుల్లో పడ్డవాళ్ళు ఇక్కడ జామీను ఎక్కడి నుంచి తెస్తారు?

గంజాయి అనగానే మీలో సగంమంది మొహాలు ముడుచుకుంటాయని తెలుసు. మా బార్ అసోసియేషన్‌లోనూ అంతే. కానీ విశాఖ జైలు గురించి మాట్లాడుతూ గంజాయిని పక్కన పెట్టలేం. రిమాండు ఖైదీల్లో పెద్ద వాటా ఆ కేసులదే. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు రెండు లక్షల కేజీల గంజాయి కుప్పపోసి తగలబెట్టారు. అంత సరుకు దిగిన కొండల కింద ఉన్న జైలు ఇది. పెట్టుబడి పెట్టినవాడు ఎప్పుడో గాని దొరకడు, దొరికేవాడు మోసేవాడు, డ్రైవరు.

మాదకద్రవ్యాల చట్టంలో లెక్క ఎలా ఉందో చూడండి. కేజీ లోపు చిన్న మొత్తం, ఏడాది దాకా శిక్ష. ఇరవై కేజీలు దాటితే వాణిజ్య మొత్తం, పది నుంచి ఇరవై ఏళ్ళు. మధ్యలో ఉన్నదానికి పదేళ్ళ దాకా. వాణిజ్య మొత్తమైతే సెక్షన్ 37 అడ్డం పడుతుంది. ఇతను నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని కోర్టుకి అనిపిస్తే తప్ప బెయిలు లేదు. మామూలు కేసుల్లో అరవై, తొంభై రోజుల్లో చార్జిషీటు వెయ్యకపోతే డీఫాల్ట్ బెయిలు హక్కుగా వస్తుంది. ఇక్కడ అది నూట ఎనభై రోజులు, ప్రాసిక్యూటరు అడిగితే ఏడాది దాకా పొడిగించవచ్చు.

కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 479 ఉంది కదా, మొదటిసారి నేరంలో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు లోపలే గడిపితే వదిలేయాలని? ఉంది. జైలు సూపరింటెండెంటే కోర్టుకి రాయాలని కూడా ఉంది. పాత కేసులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో చెప్పింది. కానీ ఇరవై ఏళ్ళలో మూడోవంతు ఎంత? ఆరేళ్ళ ఎనిమిది నెలలు. మా కుర్రాడి లాంటి ఎనిమిది కేజీల కేసులో మూడేళ్ళ నాలుగు నెలలు. మీద ఇంకో కేసు పెండింగులో ఉంటే అదీ రాదు. మామూలు దొంగతనం కేసుల్లో ఈ సెక్షన్ బాగా పనికొస్తుంది. గంజాయి కేసుల్లో దీన్ని నమ్ముకుని కూర్చోలేం.

ఇంకొకటి. జామీను, జరిమానా కట్టలేని పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో ఒక పథకం తెచ్చింది. మొదట్లో రిమాండు ఖైదీకి నలభై వేల దాకా ఇవ్వొచ్చన్నారు. బాగుంది కదా? మాదకద్రవ్యాల కేసులకు వర్తించదు. అంటే విశాఖలో ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే లేదు. ఏజెన్సీ కూలీకీ, సరుకు యజమానికీ తేడా చూడమని మీరు ఢిల్లీకి రాయదగ్గ విషయం ఇది. చేతిలో అంకెలు లేకుండా రాస్తే మాత్రం ఎవరూ చదవరు.

అంకెలు ఎక్కడ దొరుకుతాయి? ప్రతి జిల్లాకీ అండర్ ట్రయల్ రివ్యూ కమిటీ ఉంటుంది. జిల్లా జడ్జి అధ్యక్షులు, కలెక్టరు, పోలీసు అధికారి, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు సూపరింటెండెంటు సభ్యులు. మూడు నెలలకోసారి కూర్చుని ఎవర్ని వదలొచ్చో జాబితా చూడాలి. గత ఏడాది ఎన్నిసార్లు కూర్చున్నారు, ఎంతమందిని సిఫారసు చేశారు, అందులో ఎంతమంది విడుదలయ్యారు అని సమాచార హక్కు కింద అడగండి. జైలుని ఒక్కటే అడగండి: ఈ మూడు నెలల్లో ఏడు రోజులు దాటినా విడుదల కానివారి గురించి ఎన్ని ఉత్తరాలు పంపారు? సున్నా అని జవాబొస్తే అదే మీ మొదటి రిపోర్టు. పేర్లు అడగొద్దు, వ్యక్తిగత సమాచారమని తిప్పికొడతారు. సంఖ్యలు అడగండి.

లోపలికి వెళ్ళడం ఇంకో సంగతి. కమిషన్ వాళ్ళమని గేటు దగ్గర నిలబడితే సెంట్రీ కూడా పలకరించడు. మీలో ఓపికున్న నలుగురు న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్లుగా చేరండి. శిక్షణ ఇస్తారు, జైల్లోని లీగల్ ఎయిడ్ క్లినిక్‌కి వాళ్ళే పంపుతారు. ప్రభుత్వోద్యోగులు కాని జైలు సందర్శకులుగా నియమించమని ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టే దారీ ఉంది, దానికి టైం పడుతుంది. చేరేవాళ్ళలో ఒక్కరికైనా ఒడియా రావాలి. ఇది నా షరతు అనుకోండి. అరెస్టుకి కారణాలు నిందితుడికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో చెప్పింది. ఎంతమందికి అలా ఇచ్చారో వాళ్ళ భాషలో అడిగితేనే తెలుస్తుంది.

ఇద్దరు కుర్ర లాయర్లని మాత్రం జైలుకి కాదు, కోర్టుకి పంపండి. రిమాండు కోసం తెచ్చే వేళకి వెనక బెంచీలో కూర్చోమనండి. కోర్టు తలుపు అందరికీ తెరిచే ఉంటుంది. ఇరవై నాలుగ్గంటల్లో తెచ్చారా, పక్కన లాయరున్నాడా, దెబ్బలేమైనా ఉన్నాయా అని మేజిస్ట్రేటు అడిగారా, ఏడేళ్ళ దాకా శిక్ష పడే కేసులో నోటీసుతో సరిపెట్టకుండా ఎందుకు అరెస్టు చేశారో కాగితంలో ఉందా. ఈ నాలుగూ రాసుకుంటే చాలు. చివరిదాని గురించి సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు 2014 నుంచీ ఉంది, దాన్ని వల్లించని లాయరు లేడు. రాసుకున్నది అక్కడికక్కడ ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. నడుస్తున్న కేసు మీద వ్యాఖ్యానం చేస్తే కోర్టు ధిక్కారం నోటీసొస్తుంది, మీ కమిషన్ అక్కడితో సరి.

బాధితుల్ని మరిచిపోవద్దు. జైలు మాత్రమే చూసే సంఘాన్ని ఊరు నమ్మదు, నమ్మక్కర్లేదు కూడా. వాకపల్లి గుర్తుందా? 2007 ఆగస్టులో జి.మాడుగుల మండలంలోని ఆ ఊళ్ళో పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు గ్రేహౌండ్స్ పోలీసుల మీద అత్యాచారం ఫిర్యాదు చేశారు. విశాఖ ప్రత్యేక కోర్టు తీర్పు 2023 ఏప్రిల్‌లో వచ్చింది, దాదాపు పదహారేళ్ళకి. నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. దర్యాప్తు సరిగా జరగలేదని కోర్టు అంది, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది. దర్యాప్తు చెడితే నిందితుడికీ న్యాయం జరగదు, ఫిర్యాదు చేసినవాళ్ళకీ జరగదు. రెండో ఏడాదికి దర్యాప్తు మీద పెట్టుకోండి. ఇప్పుడే అన్నీ నెత్తికెత్తుకోవద్దు.

సభ్యుల గురించి అడిగారు. రిటైర్డ్ జడ్జిగారు ఒకరుంటే మంచిదే, తలుపులు తెరుచుకుంటాయి. అయితే జైల్లో ఉండి వచ్చినవాళ్ళు ఒకరో ఇద్దరో తప్పకుండా ఉండాలి. అలంకారానికి కాదు, ఓటుతో. మీ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి తోచని ప్రశ్నలు వాళ్ళు అడుగుతారు. రిటైర్డ్ పోలీసాయన ఉండొచ్చా అంటే, ఉండొచ్చు. స్టేషన్‌లో కాగితం ఎక్కడ ఆగుతుందో ఆయనకి తెలిసినంత నాకూ తెలియదు.

ఇక ఇంటి పన్ను రసీదు. జామీను ఉండటానికి విశాఖలో సొంతిల్లు, రసీదు, ఆధార్ ఉన్నవాడు కావాలి. మీ పదిహేనుమందిలో పన్నెండుమందికైనా అవి ఉంటాయి. మనిషి వాయిదాకి రాకపోతే బాండు సొమ్ము మీ నుంచి వసూలు చేయవచ్చు, ఆ రిస్కు ఉంది, దాచను. ఇప్పటికే ఎంతమందికి జామీను ఉన్నారో కోర్టుకి రాసివ్వాలి. అందుకే ఒక్కరు పదిమందికి కాకుండా, ఒక్కొక్కరు ఒక్కరికి ఉంటే మంచిది. వాయిదా ముందురోజు ఫోన్ చేసి గుర్తుచేసే బాధ్యత మీలో ఒకరు తీసుకోవాలి. బస్సు చార్జీలు పెట్టుకుంటే ఇంకా మేలు.

మొదటి మీటింగులో పేరు, లోగో, అధ్యక్షుడు అని మొదలుపెట్టకుండా ఈ ఒక్కటి అడగండి. మొహం తెలియని చింతపల్లి కుర్రాడి కోసం రసీదు పట్టుకుని సూర్యాబాగ్ ఎవరొస్తారు? ఎన్ని చేతులు లేచాయో నాకు రాయండి. రెండు లేస్తే చాలు, ఒక కేసుకి కావలసింది ఇద్దరే. కోర్టు దగ్గరికి నేనొస్తాను.